ఎడమవైపు కొలత

ఆమె టైల్స్ పరిచే మేస్త్రీ. పనిలో అందరూ రసమట్టం అని పిలిచేవారు. గాజుగొట్టంలో గాలిబుడగ నడుమకు వచ్చిందో లేదో చూపించే ఆ పనిముట్టు ఆమె సంచిలో ఉండేది గానీ, బయటికి తీసేది తక్కువ. నేలకు చెంప ఆనించి, ఒక కన్ను మూసి, "ఆ మూల నూలుపోగంత లేచింది" అనేది. కొలిచి చూస్తే నిజంగానే లేచి ఉండేది.

అలాంటి మనిషికి తన ఒంటి మీదే లెక్క కుదరలేదు. పద్నాలుగో ఏట కుడి రొమ్ము పెరిగింది. ఎడమది పెరగడం మరిచిపోయినట్టు అలాగే ఉండిపోయింది. ఇరవై నాలుగేళ్లుగా ఆ పక్కన మడతపెట్టిన గుడ్డ పెట్టుకుని తిరిగింది. ఒకరోజు ఎవరిదో కొత్త వంటింట్లో మోకాళ్ల మీద వంగి పని చేస్తుండగా ఆ గుడ్డ జారి తడి సిమెంటులో పడింది. పక్కనున్న ముసలి తాపీమేస్త్రీ చూశాడు. ఆమె తొణక్కుండా దాంతోనే టైల్ మీది మరక తుడిచింది. ఆయన మొహం అటు తిప్పుకుని, "ఎండ బాగా ఎక్కింది. కాసేపు ఆగుదామమ్మా" అన్నాడు. ఎవరైనా నవ్వి ఉంటే తిట్టేసి ఊరుకునేది. ఆయన మంచితనమే ఆమెకు గుచ్చుకుంది.

వారం తిరక్కుండా ఆసుపత్రికి వెళ్లింది. ఛాతీ కండ కింద చిన్న అరలాగా చేసి, అందులో మెత్తటి సిలికాన్ సంచి పెడతామని డాక్టరమ్మ చెప్పింది.

"పెట్టినచోటే ఉంటుందా?" ఆమె అడిగిన మొదటి ప్రశ్న అదే.

"చాలామందికి ఉంటుంది. కొందరికి పైనే ఉండిపోతుంది, కొందరికి కిందికి జారుతుంది. చంకవైపు జరగడమూ ఉంది. అలా అయితే మళ్లీ ఆపరేషన్ చేసి సర్దాలి. మీకు కాదని మాత్రం రాసివ్వలేను."

ఆ మాటలు ఆమె వెంటే ఇంటికి వచ్చాయి. ఆపరేషన్‌కి ఇంకా మూడు వారాలుంది. మధ్యాహ్నం పనిచోట గోడకు ఆనుకుని కళ్లు మూస్తే చాలు, ఒకటే కల. పెద్ద గదిలో తెల్లటి టైల్స్ పరుస్తూ ఉంటుంది. ఎంతకీ సిమెంటు ఆరదు. కింద నీళ్లున్నట్టు ఒక్కొక్క పలకా మెల్లగా కదిలి, పడవలా గోడదాకా తేలిపోతుంది. చెయ్యి చాపితే ఇంకా దూరం పోతుంది. పాదాల కింద నేల నిద్రపోతున్న మనిషిలా ఊపిరి తీస్తుంటుంది. భయమేమీ వేయదు. ఏదీ ఉన్నచోట నిలవదు, అంతే. మెలకువ వచ్చేసరికి కుడి చెయ్యి ఎడమ రొమ్మును అదిమిపట్టుకుని ఉండేది.

కల సంగతి భర్తకు చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్.

"నువ్వెలా ఉన్నా నాకొకటే" అన్నాడు.

"నీకొకటే. అద్దంలో చూసుకునేది నేను కదా!"

ఆయన, "రోజూ నువ్వెత్తే బరువుల సంగతి డాక్టరమ్మకి చెప్పావా? మేము లిఫ్టుకి తాడు వేసినా మోసే బరువు చూసే వేస్తాం" అన్నాడు.

చెప్పలేదు. మేస్త్రీ పని అంటే ఆపరేషన్ వద్దంటారేమోనని భయపడి, ఆసుపత్రి కాగితంలో 'ఇంటిపని' అని రాసింది.

మర్నాడే వెళ్లి నిజం చెప్పేసింది. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

"ఈ మాట ముందే చెప్పాలి కదమ్మా!"

చేతులు నడుముకు గట్టిగా నొక్కమని, ఛాతీ కండ బిగుసుకోవడం చూసింది. "కండ కింద పెడదామనుకున్నాను. రోజూ ఇంత బలంగా లాగే కండ దాన్ని మెల్లగా చంకవైపు నెట్టేయొచ్చు. కండ పైనే పెడదాం, అనుకున్నదానికంటే చిన్నది. కాకపోతే అంచు వేలికి తగలొచ్చు. సరేనా?"

"తగిలితే తగలనీండి. ఊరేగకుండా ఉంటే చాలు."

డాక్టరమ్మ అప్పుడు నవ్వింది.

ఆపరేషన్ రోజు పొద్దున్నే ఆమెను నిలబెట్టి ఛాతీ మీద ఊదారంగు గీతలు గీశారు.

"పడుకోబెట్టి గీయరేం?"

"పడుకుంటే అన్నీ పక్కకి పోతాయి. అసలు కొలత నిలబడ్డప్పుడే."

పనితనం తెలిసిన మనిషి చేతిలో పడ్డానని ఆమెకు ధైర్యం వచ్చింది. మత్తుమందు ఎక్కుతుంటే గది గోడలు పాలమీగడలా కదిలాయి. పోనీలే అనుకుంది.

పదిహేను రోజులకు చూసుకుంటే ఎడమది వేలెడు పైకుంది. కట్టు విప్పి అద్దం ముందు రసమట్టం అడ్డంగా పట్టుకుని నిలబడ్డ భార్యను చూసి మెకానిక్‌కు నవ్వాగలేదు.

"అది గోడ కాదే!"

"గోడయితే ఈపాటికి పగలగొట్టి మళ్లీ కట్టేదాన్ని" అని ఏడ్చేసింది.

వాపు తగ్గి చర్మం సాగాలని, మూడు నెలలు ఆగమని డాక్టరమ్మ చెప్పింది. వంకర కనబడితే ఒక్క పూటైనా ఓర్చుకోని మనిషి మూడు నెలలు ఛాతీ మీద కిందికి నొక్కే పట్టీ బిగించుకుని, పనిచోట కుర్చీలో కూర్చుని చేతులూపుతూ పని చేయించింది. ఎడమది రోజూ కనబడనంత మెల్లగా దిగింది. నాలుగో నెలకు తేడా నూలుపోగంత మిగిలింది. అంచు, డాక్టరమ్మ చెప్పినట్టే, వేలికి తగులుతోంది.

"కావాలంటే ఆ కాస్తా సరిచేస్తాను" అంది డాక్టరమ్మ.

ఆమె ఒక కన్ను మూసి అద్దంలో చాలాసేపు చూసుకుంది.

"వద్దండి. కుదిరింది."

మళ్లీ పనిలోకి వెళ్లిన నెలలోనే, పైకప్పు లేని ఐదో అంతస్తులో ఉండగా వాన ముంచుకొచ్చింది. అందరూ మెట్ల కిందికి పరుగెత్తారు. ఇదివరకు చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంటుందని అందరికంటే ముందు ఆమే పారిపోయేది. ఆవేళ పనిముట్లన్నీ ఒక్కొక్కటే తుడిచి సంచిలో సర్దుకుని, తడిసి ముద్దయి, తీరిగ్గా నడిచొచ్చింది.