కార్డు ఉంచాల్నా, తీసెయ్యాల్నా?

నవ్వమంటె చెప్త. మొన్న శనివారం బాపును విమానమెక్కిస్తనని జనగామ నుంచి తీస్కపోయి, ఆఖరికి తిరుపతికి బస్సుల తోల్కపోయిన. అది గుడ ఎయిర్‌పోర్టు లోపటికి పొయ్యి, చెకింగ్ అంత అయినంక!

అంతటికీ ఆ క్రెడిట్ కార్డే కారణం. పోయినేడు ఫోన్ల ఒకామె "సార్, మీలాంటి ట్రావెలర్స్ కోసమే ఈ ప్రీమియం కార్డు" అన్నది. నేను కాలేజీల లెక్కలు చెప్పెటోన్ని. నా ట్రావెలంత ఇంటి నుంచి కాలేజీ దాంక. అయినా ఆ మాటకు ఉబ్బిపోయి సరే అన్న. మొదటి ఏడాది ఫ్రీ. ఇప్పుడు రెన్యువల్‌కు పదివేలు, మీదికెల్లి జీఎస్టీ.

మా ఇంటామె సుజాత సూటిగ అడిగింది. "ఈ ఏడాది ఎన్నిసార్లు విమానమెక్కినవ్?"

"ఒక్కసారి గుడ లేదు."

"లెక్కల సార్వు గదా, ఇంకేం లెక్క జేస్తున్నవ్?"

"ఒక్కసారన్న వాడి చూసి డిసైడ్ చేద్దాం తియ్" అన్న.

ఆ కార్డుంటె ఎయిర్‌పోర్టు లౌంజ్‌ల కూసునుడు, తినుడు ఫ్రీ అంట. అది వాడాల్నంటె విమానం టికెట్ కొనాలె గదా! అప్పుడు బాపు యాదికొచ్చిండు. ముప్పై ఏండ్లు బస్సు కండక్టర్ చేసి రిటైరయిండు. ఎంతమందికి టికెట్లు కొట్టిండో గని, విమానం మొకం చూడలే. ఇద్దరికి తిరుపతికి బుక్ చేసిన.

ఎయిర్‌పోర్టు లౌంజ్ కాడ కార్డు గర్వంగ తీసి ఇచ్చిన. "మీకు ఫ్రీ సార్. గెస్ట్‌కి ఛార్జ్ పడుతుంది" అన్నది ఆ అమ్మాయి. ఎనుక బాపు నిలవడ్డడు. ఆయన ముందట వద్దని ఎట్లంట? పదిహేను వందలు గీకిన.

లోపట ఇడ్లీ, పూరీ, హల్వా, ఏది కావాల్నంటె అది! ప్లేటు నింపి తెచ్చి బాపు ముందట పెట్టిన.

"నాకొద్దు బిడ్డా. శనివారం గదా, ఒక్కపొద్దు. దర్శనమయ్యేదాంక మంచినీళ్ళే."

పదిహేను వందల మంచినీళ్ళు! పైసలు వసూల్ చేయాల్నని ఆయన వంతు గుడ నేనే తిన్న. తిని, పక్కనే కాళ్ళు జాపుకునే మెత్తటి కుర్చీ ఉంటె జర ఒరిగిన. అంతే.

"లే బిడ్డా, టైమయితాంది. ఇంక పావుగంటనే ఉన్నది" అని బాపు లేపిండు. ఇద్దరం ఉరికినం. గేటు మూసేసిండ్రు. అద్దంలకెల్లి చూస్తె విమానం కండ్ల ముందటనే ఉన్నది!

బాపుకు సమజ్ కాలే. "టికెట్ మీద పదకొండు నలభై అని రాసి, ముందుగాలనే తలుపేసుడేంది? నేను ముప్పై ఏండ్లల ఒక్క బస్సు గుడ టైముకు ముందు తియ్యనియ్యలే!"

నాకు కోపమొచ్చింది. "జర ముందు లేపొద్దా బాపూ?"

"లేపుదామనే భుజం మీద చెయ్యేసిన. నోరు దెరుసుకొని మంచిగ పండుకున్నవ్. పగటిపూట నువ్వట్ల పండుకోంగ చూసి ఎన్నేండ్లయిందో! ఇంకొంచెంసేపు పండనీ అనుకున్న."

కాలేజీ, ట్యూషన్లు, పేపర్లు దిద్దుడు... ఒకే ఇంట్ల ఉంటం గని, ఆయన నా మొకం చూస్తున్నడని నాకు తెల్వనే తెల్వదు.

"విమానమెక్కాల్నని నీకు మస్తు ఉండెనా బాపూ?" అని అడిగిన.

"నాకెందుకురా విమానం? నువ్వు రెండ్రోజులు నాతోని ఉంటవని వచ్చిన."

బస్సెక్కినం. ఆ కండక్టర్‌తోని బాపు దోస్తానా కలిపి, దారంత పాత డ్యూటీల ముచ్చట్లు చెప్పిండు. నేను ఒక్కటి గుడ ఇంతకుముందు ఇనలే.

ఇంటికొచ్చినంక కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి కార్డు బంద్ చేయమన్న.

"ఎందుకు సార్? మా సర్వీస్‌లో ఏమైనా లోపమా?"

"అయ్యో, లోపమేం లేదమ్మా. మీ లౌంజ్ ఎంత మంచిగున్నదంటె, దాని కోసం విమానమే ఇడిచిపెట్టిన!"