కొంగు వేసే చేతులు

ఆబిడ్స్‌లో మా పత్రికాఫీసుకు ఎదురుగా ఒక చీరల దుకాణం ఉంది. అక్కడ చీరలు చూపించేది మగవాళ్లే. కొనడానికి వచ్చినవాళ్లు తటపటాయిస్తుంటే సేల్స్‌మన్ లేచి, చీర తనకే చుట్టుకుని, కుచ్చిళ్లు పెట్టి, కొంగు వేసి చూపిస్తాడు. ఈ ఊళ్లో అది ఎవరికీ వింత కాదు. వాళ్లలో బాగా చేయి తిరిగినవాడు ఒకడుండేవాడు, నలభై దాటిన మనిషి. అతను కొంగు వేసుకుంటే పెళ్లి బట్టలకు వచ్చిన ఆడవాళ్లు మాటలాపి చూసేవారు.

"నీకు కుదిరినట్టు మా పిల్లకు కుదురతదా అన్నా?" అని ఒకామె అడిగితే, "పిల్లను పంపున్రి అక్కా, నేర్పుత. చీర మాత్రం నా దగ్గర్నే కొనాలె" అన్నాడు.

సాయంత్రాలు ఇరానీ హోటల్లో నాతోపాటు చాయ్ తాగేవాడు. తనకు మగవాళ్లంటేనే ఇష్టమని, దుకాణం మూసి ఉండే ఆదివారాలు నాంపల్లి వైపు తోట గోడ దగ్గర నిలబడి, పిలిచినవాళ్లతో డబ్బుకు వెళతానని కొన్నేళ్ల పరిచయం తర్వాత చెప్పాడు. చాయ్ గ్లాసు పక్కకు జరిపి, "పైసల కోసమే అంటే అబద్ధమన్నా. ఆడ నన్ను ఎవరన్న ముట్టుకుంటరు" అన్నాడు.

ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడితే మగవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు మేము మొదటి పేజీలో వేశాం. అతను పేపరు చదివి మడిచాడు. "కోర్టుకు తెలిసింది. మా సేట్‌కు తెల్వకుంటె చాలు." పెళ్లి వద్దన్నందుకు అన్నలు వేరు పెట్టారు. ఉస్మాన్‌గంజ్‌లో కిరాయి గది, అందులో తల్లి. బయట తలెత్తుకుని నిలబడడానికి అతనికి ఆ కౌంటరు ఒక్కటే ఉంది.

ఒక ఆదివారం పోలీసులు గోడ దగ్గరున్న కొందరిని పట్టుకెళ్లారు. చట్టం మారినా పెట్టడానికి చిన్న కేసులుంటాయి. మా వృత్తిలో ఒక అలవాటుంది. ఇలాంటివాళ్లను వరసగా నిలబెట్టి, మొహాలు కప్పుకోమని ఫొటో తీస్తాం. దాన్ని మర్యాద అనుకుంటాం. ఆ రోజు ఫోన్లలో నడిచే ఏదో చానల్ వీడియో తీసింది. మర్నాడు మా రిపోర్టరు నాకు చూపించాడు. మిగతావాళ్లు చేతిరుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు. ఒకడికి ఎవరో తువ్వాలు విసిరారు. అతను దాన్ని అందుకుని, అంచును వేళ్ల మధ్య మడతలు పెట్టి, ఒక్క విసురుతో తల మీదుగా తెచ్చి చెవి పక్కన దోపాడు. పోలీసులు నవ్వారు. మొహం పిసరంత కూడా కనిపించలేదు. నేను గుర్తుపట్టాను. దుకాణంలో అందరూ గుర్తుపట్టారు.

"చేతులు నా మాట ఇనలే అన్నా" అన్నాడు, జరిమానా కట్టి బయటికొచ్చాక సాయంత్రం చాయ్ దగ్గర. "బట్ట దొరికితె అట్లనే పోతయి. సేట్ పనికి రావొద్దన్నడు. నువ్వు జర సేట్‌తోటి మాట్లాడు. గోదాంల పడేసినా చేస్త."

వెళ్లాను. సేట్ కూర్చోబెట్టి చల్లటి నీళ్లు తెప్పించాడు. కసురుకోవడం తెలియని మనిషి.

"నాకేం లేదు సార్. మంచోడు. కానీ ఇగ వాడు చుట్టుకుంటె చూసేటోళ్లకు చీర కనవడదు."

"గోదాములో ఉంచండి."

"ఆడ అందరు మగోళ్లే. ఎవడో ఒకడు ఏదో అంటడు, లొల్లి అయితది."

ఇన్నేళ్లలో అతను ఎవరి జోలికీ పోలేదు కదా అన్నాను. "ఔ సార్, కరెక్టే" అని తలూపాడు. మళ్లీ నీళ్లు తెప్పించాడు.

ఇంతలో కౌంటరు దగ్గర ఒకావిడ, "పోయినసారి కట్టి చూపించిన అన్న ఏడి?" అని అడిగింది.

"ఊరికి పోయిండమ్మా" అన్నాడు సేట్. అతనికి వేరే ఊరు లేదు.

అతను బయట మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నా మొహం చూశాడు. "అమ్మకు ఏం చెప్పాలె?" అన్నాడు, నాతో కాదు.

కొన్ని వారాల తర్వాత అసెంబ్లీకి వెళుతూ అతన్ని తోట గోడ దగ్గర చూశాను. పట్టపగలు, మంగళవారం. దుకాణానికి వేసుకునే ఇస్త్రీ చొక్కాలోనే ఉన్నాడు. కాళ్ల దగ్గర టిఫిన్ డబ్బా సంచి.

"అమ్మ కట్టింది" అన్నాడు, నేను సంచి వైపు చూడడం గమనించి. "సాయంత్రం దాంక ఇంటికి పోలేను కదన్నా."

ఒక స్కూటరు వచ్చి కొంచెం ముందు ఆగింది. నడిపేవాడు వెనక్కి తిరిగి చూడలేదు. అతను సంచి అందుకుని వెళ్లి వెనక కూర్చున్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక ఒళ్లో పెట్టుకున్నాడు.