ఉమ్మడి మార్కెట్టుకు మా మెస్సు సాక్ష్యం

మా ఆసుపత్రిలో నాతో పనిచేసినవాళ్ళు ఎక్కడ కలిసినా ఒకే కథ చెప్పుకుని నవ్వుతారు: ఒక కిరసనాయిలు స్టవ్వుకు ఆశపడి నేను ఇంగ్లీషువాళ్ళకు యూరప్‌ను అంటగట్టానని. వినేవాళ్ళూ నమ్మేస్తారు, నా నోరు అలాంటిది కనక. కానీ ఆ కథ చెప్పేవాళ్ళలో సగంమంది ఆ సాయంత్రం డ్యూటీలో ఉన్నారు. మిగతా సగం కేకు దగ్గర ఉన్నారు. జరిగిందేమిటో నేను చెప్తాను.

డెబ్భై అయిదులో నేను ఒమాన్‌లో, సహం అనే ఊళ్ళో స్టాఫ్ నర్సుని. క్వార్టర్సులో మలయాళీలు, గోవావాళ్ళు, కొద్దిమంది తెలుగువాళ్ళం. అందరికీ ఒకటే మెస్సు. గదుల్లో స్టవ్వు పెట్టుకోకూడదని రూలు. వంటాయన కేరళ మనిషి. పప్పులో కూడా కొబ్బరినూనె పోసేవాడు. ఆ లావుపాటి ఉప్పుడు బియ్యం అన్నం మాత్రలు మింగినట్టు మింగాల్సి వచ్చేది. పప్పులో కాస్త చింతపండు వేయించడానికి మెస్సు కమిటీలో అంతకుముందు ఏడు ఎండాకాలమంతా పోట్లాడాను. చివరికి విసిగిపోయి మా మేట్రన్‌ను అడిగాను: నా గదిలో ఒక స్టవ్వు, నా పప్పు, నా చారు, అంతే. ఆవిడ ఇంగ్లీషు మనిషి. "చూద్దాం" అంది. ఆవిడ చూద్దామంటే కుదరదని అర్థం.

ఆ ఏడాదే, యూరప్ ఉమ్మడి మార్కెట్టులో ఉండాలా బయటికి రావాలా అని బ్రిటన్‌లో జనాన్ని ఓటు అడిగారు. మేట్రన్ ఉండాలనే పక్షం. రోడ్డు కంపెనీలోని ఇంగ్లీషు ఇంజనీర్లూ వాళ్ళ భార్యలూ వద్దనే పక్షం. సహంలో కూర్చున్న వాళ్ళెవరికీ ఓటు లేదు. అయినా ఇళ్ళకు ఉత్తరాలు రాయించి అక్కడివాళ్ళ చేత వేయించాలని ఆవిడ తాపత్రయం. ఒకసారి అందరినీ మెస్సు హాలుకు టీకి పిలిచి ఆ మార్కెట్టును నడిపే కమిషన్, కౌన్సిల్, పార్లమెంటు అని వివరించింది. కప్పులు అందిస్తూ నేనూ విన్నాను. కమిషన్ దగ్గరే ఒకాయన బూటు విప్పి ఇసుక దులుపుకున్నాడు. ఒకావిడ లేచి, "అయితే ఇక మన సాసేజీలు కూడా వాళ్ళు చెప్పినట్టే చేసుకోవాలా?" అంది. దాంతో సభ ముగిసింది.

మర్నాడు మేట్రన్ నన్ను పిలిచింది.

"సిస్టర్, నువ్వు కాలేజీలో వక్తృత్వం కప్పులు గెలిచావట. వచ్చే శుక్రవారం నువ్వు మాట్లాడు. నేను చెప్తే పాఠంలా ఉంటోంది."

"యూరప్ గురించి నాకేం తెలుసు మేడమ్?"

"మెస్సు గురించి తెలుసుగా. అదే చెప్పు. వాళ్ళ చేత చేతులెత్తించు, స్టవ్వు పెట్టుకో."

నా గదిలో ఉండే తెనాలి అమ్మాయి ఇది విని మంచం మీద దొర్లి నవ్వింది.

"అక్కా, మెస్సులోంచి బయటపడ్డానికి మెస్సునే పొగుడుతావా?"

"పొగడను. వాదిస్తాను. రెండూ ఒకటి కాదు."

"నిన్న వంటాయన్ని ఏం తిట్టావో నేను లేచి చెప్పనా?"

"చెప్పవే. తిట్లు లేని మెస్సు ఎక్కడుందో అది కూడా చెప్పు."

"ఓయమ్మో, ఇప్పుడే మొదలెట్టేశావా!"

శుక్రవారం టీతోపాటు కేకు కూడా ఉందని తెలిసి హాలు నిండింది. "కమిషన్ సంగతి వదిలేయండి, ఈ వంటగది చూడండి" అని మొదలుపెట్టాను. మూడు భాషలవాళ్ళం, మూడు రకాల నాలుకలు, ఒకటే పొయ్యి అని చెప్పాను.

"ఉప్పు ఎంత వేయాలో ఎవరు నిర్ణయిస్తారు?" అన్నాడు బూటు దులిపిన ఇంజనీరు.

"కమిటీ. అది ఎవరికీ నచ్చదు. ఒక్కరికే నచ్చితే అప్పుడు భయపడాలి."

"మా తిండి మమ్మల్ని తిననిస్తారా?" సాసేజీల ఆవిడ.

చంకలో పెట్టుకొచ్చిన ఆవకాయ సీసా బల్లమీద పెట్టాను. "దీన్ని ఇంతవరకూ ఎవరూ లాక్కోలేదు." ఆవిడ మూత తీసి, వాసన చూసి, దగ్గి, మూత పెట్టేసింది. "లాక్కోవాలని ఎవరికుంటుంది?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మనసులో తిట్టుకుంటూ.

"నచ్చకపోతే వెళ్ళిపోవచ్చుగా?" అన్నాడు ఇంజనీరు.

"వెళ్ళొచ్చు. కానీ ఉండేది ఈ గోడ పక్కనే. వీళ్ళ పోపు ఘాటు మీ కిటికీలోకే వస్తుంది. లోపలుంటే బల్ల గుద్ది అరవచ్చు. బయటుంటే కిటికీ మూసుకోవడం తప్ప ఏం చేస్తారు?"

ఆ మాట ముందుగా అనుకున్నది కాదు, వాదన ఊపులో వచ్చింది. వచ్చాక నాకే నచ్చింది. ఈలోగా మేట్రన్ ఇంజనీరుకు రెండో కప్పు టీ ఇచ్చి వచ్చింది. ఆయన ఒక గుటక తాగి లేచాడు.

"మరి మీరు? మీరెప్పుడైనా ఈ మెస్సు వదిలేసి విడిగా వండుకోవాలనుకున్నారా?"

తెనాలి అమ్మాయి కొంగు నోట్లో కుక్కుకుంది. వంటాయన గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చాడు. అనుకున్నానంటే ఒక్క చెయ్యీ లేవదు, స్టవ్వూ రాదు. అనుకోలేదంటే చేతులు లేస్తాయి, కానీ అంతమంది ముందు ఆ మాట అన్నాక ఏ ముఖంతో స్టవ్వు వెలిగించను? మేట్రన్ వైపు చూశాను. ఆవిడ పంచదార లేని టీలో చెంచా తిప్పుతోంది.

"నేనెందుకు వెళ్తాను? విడిగా వండుకుంటే పోట్లాడ్డానికి ఎవరుంటారు?" అన్నాను. ఓడిపోవడం నాకు చేతకాదు.

చేతులు లేచాయి. సాసేజీల ఆవిడది కూడా.

మర్నాడు స్టవ్వు మాటెత్తితే, "కానీ సిస్టర్, నిన్న అందరి ముందూ నువ్వే అక్కర్లేదన్నావుగా" అంది మేట్రన్, ఎంతో మర్యాదగా. నేను వాదించాను. ఏమేం అన్నానో రాస్తే అచ్చు వేసేవాళ్ళు ఉండరు. ఫలితం మాత్రం లేదు. సహం వదిలేదాకా ఆ కొబ్బరినూనె పప్పే తిన్నాను, ప్రతి వారం బల్ల గుద్దుతూ.

బ్రిటన్ జనం ఉండాలనే ఓటేశారు. అందులో సహం ఉత్తరాల పాలెంతో నాకు తెలియదు, అక్కర్లేదు కూడా. నన్ను తొలిచేది వేరు. ఆ ఇంజనీరు అంతకుముందు నాతో ఒక్క మాటైనా మాట్లాడినవాడు కాదు. నా స్టవ్వు గొడవ మా క్వార్టర్సు దాటి పోలేదు. టీ ఇస్తూ మేట్రన్ ఆయన వైపు వంగి ఏదో అంది, నేను చూశాను. ఆ ప్రశ్న ఆయనకు తోచిందా, ఆవిడ అందించిందా?