చివరి సీటు దాకా

కారు కొనడానికి ఏముందండీ, జేబులో డబ్బుంటే చాలనుకునేవాళ్ళు ఆ రోజుల్లో ఒక్కసారి వాళ్ళింటికి వచ్చి ఉంటే తెలిసేది. భోజనాల దగ్గర కారు, పక్కమీద కారు, ఆఖరికి డాక్టరమ్మ స్కానింగు గదిలో కూడా కారే. తెర మీద రెండు చుక్కలు చూపించి కవలలమ్మా అని ఆవిడ చెప్పిన రోజున, ఆయనగారి నోట్లోంచి వచ్చిన మొదటి మాట, అయితే ఐదు సీట్లది పనికిరాదన్నమాట అని. పక్కన పడుకున్న భార్యకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆయనది లిఫ్టులు బిగించే కాంట్రాక్టు. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ అపార్టుమెంట్లకి లిఫ్టులు బిగించి, తను మాత్రం డొక్కు కారులో మోకాళ్ళు గడ్డానికి తగిలించుకుని తిరిగాడు. ఇప్పుడు పని కలిసొచ్చింది. కొంటే పెద్ద ఎస్‌యూవీయే కొనాలి, అదీ మామూలుది కాదు, లెదరు సీట్లది, పైకప్పు తెరుచుకునేది, ఎక్కాలంటే మెట్టు మీద కాలు పెట్టాల్సినంత ఎత్తుది. ఏ షోరూముకి వెళ్ళినా ముందు తలుపు తీసి, మూసి, చెవి అప్పగించి ఆ చప్పుడు వినేవాడు. ఎంత బరువు మోస్తుందని అడిగేవాడు. సేల్స్ కుర్రాళ్ళు పాటల పెట్టె గురించీ రంగుల లైట్ల గురించీ ఊదరగొడుతుంటే, ఈయన కింద దూరి స్ప్రింగులు చూసేవాడు. పాపం, వాళ్ళకి తల ప్రాణం తోకకొచ్చేది.

సీట్ల లెక్క మాత్రం ఇంట్లోనే తేలిపోయింది. ముందు మొగుడూ పెళ్ళాం. మధ్య వరసలో రెండేళ్ళ బుడ్డోడి కుర్చీ, దాని పక్కన పుట్టబోయే ఇద్దరివీ రెండు కుర్చీలు. అంతటితో మధ్య వరస నిండిపోయింది. ఇక మిగిలింది పెద్దది. దానికి వెనక వరస.

పెద్దదంటే మరీ పెద్దదేం కాదు, నాలుగో తరగతి. ఆయన మొదటి భార్య కూతురు. ఆ తల్లి పోయేనాటికి ఈ పిల్లకి ఇంకా బూట్ల లేసు కట్టుకోవడం కూడా రాదు.

ఇప్పటి భార్య అప్పట్లో ఆ పిల్ల చదివే బడిలో బస్సు ఆయా. బడి మొత్తం ఆమెని బస్సక్క అనేది. హెడ్‌మిస్ట్రెస్ కూడా అలాగే పిలిచేది. పిల్లల్ని ఎక్కించడం, దింపడం, కొట్టుకుంటే విడదీయడం, కక్కుకుంటే కడగడం, ఇదీ ఉద్యోగం. అన్నిటికన్నా ముఖ్యమైన పని బస్సు ఖాళీ అయ్యాక ఉండేది. చివరి సీటు దాకా నడిచి వెళ్ళాలి. ప్రతి సీటు మీదా చెయ్యి వేసి చూడాలి. అప్పుడే వెనకద్దానికి "ఖాళీ" అని రాసిన బోర్డు తగిలించాలి. డ్రైవర్లు తొందరపెట్టేవాళ్ళు, ఎండ మాడ్చేసేది, అయినా ఆమె ఏనాడూ ఆ నడక మానలేదు. బస్సులో పిల్లని మర్చిపోయారన్న వార్త ఎక్కడ విన్నా ఒళ్ళు మండిపోయేది ఆమెకి. కళ్ళెక్కడ పెట్టుకున్నారు వెధవలు అని తిట్టేది.

తల్లి పోయాక ఈ పిల్ల ఆ బస్సులో చివరి సీటుకి చేరింది. అందరూ దిగిపోయినా దిగేది కాదు, నిద్రపోయేది. ఆమె వెళ్ళి తల మీద చెయ్యి వేసి, "స్టాపొచ్చింది తల్లీ" అని లేపేది. కొన్నాళ్ళకి గాని తెలియలేదు అది దొంగనిద్రని. కళ్ళు గట్టిగా బిగించి, పెదాల చివర నవ్వు ఆపుకోలేక ఆపుకుంటూ, ఆమె చెయ్యి కోసం అలా పడి ఉండేది. తెలిశాక కూడా ఆమె తెలియనట్టే నటించింది. బస్సు దిగేటప్పుడు ఆ పిల్ల ఆమె జడ చూసి, ఇవాళ రబ్బరు బ్యాండు పచ్చది, ఇవాళ ఎర్రది అని చెప్పి మరీ దిగేది. వెనక నుంచి దారంతా చూసేది దాన్నే మరి.

పెళ్ళి వయసు దాటిపోయింది, ఇక ఇంతేలే అనుకుంటున్న మనిషికి ఆ పిల్ల తండ్రి సంబంధం వస్తే, అందరూ లిఫ్టుల కాంట్రాక్టర్ని చూసి ఒప్పుకుందనుకున్నారు. ఏం కాదు. చివరి సీటులో దొంగనిద్ర పోయేదాన్ని చూసి ఒప్పుకుంది.

పెళ్ళయ్యాక ఒక చిక్కు వచ్చి పడింది. నాన్న పెళ్ళాన్ని అక్క అంటారటే, వావీ వరసా లేకుండా అని చుట్టాలు పిల్లని కసిరారు. అమ్మ అనమన్నారు. దానికి నాలుక తిరగలేదు. అక్కా పోయింది, అమ్మా రాలేదు. ఇన్నేళ్ళుగా ఏ పిలుపూ లేకుండా, ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడటమే. ఆమె కూడా పోనీలే, పిల్ల ఎదురుగా నిలబడుతోంది కదా అని సరిపెట్టుకుంది.

ఇప్పుడు ఆ నిలబడటం కూడా తగ్గింది. కడుపు పైకి కనపడటం మొదలైన దగ్గర్నుంచి పిల్ల మరీ మంచిదైపోయింది. చెప్పకుండానే తన కంచం కడిగేస్తుంది. బుడ్డోడు పుస్తకం చింపితే నోరు మూసుకుని అతికించుకుంటుంది. ఏది కావాలన్నా "ఏదైనా పర్లేదు" అంటుంది. అబ్బ, ఎంత బుద్ధిమంతురాలో అని చుట్టాలు మెటికలు విరిచారు. ఆమెకి మాత్రం లోపలెక్కడో ముల్లు విరిగినట్టుండేది. పిల్లలు అల్లరి మానేస్తే జ్వరమేమోనని నుదురు పట్టి చూసే మనిషి ఆమె. ఈ పిల్లకి నుదురు చల్లగానే ఉంది. పోగొట్టుకుంటున్నానేమో దీన్ని అని భయం పట్టుకుంది. ఆ భయం మొగుడికి చెబితే, కారొస్తే అన్నీ సర్దుకుంటాయి, దానికి వెనకాల ఒక గదే ఇచ్చేస్తున్నాం కదా అన్నాడు.

నిజమే మరి. ఏ షోరూములో ఏ కారు చూపించినా పిల్ల తిన్నగా వెనక వరసలోకి దూరి కూర్చునేది. నచ్చిందా అంటే ఊఁ, బాగుంది అనేది. చూశావా, దానికి వెనకే ఇష్టం అని ఆయన పొంగిపోయేవాడు. ఆమె కూడా నమ్మింది. నమ్మితే మనసుకి తేలిగ్గా ఉంటుందని నమ్మింది, అసలు సంగతి అదీ.

చివరికి ఒక కారు ఆయన చెవికి నచ్చింది. తలుపు చప్పుడు బ్యాంకు లాకరు మూసినట్టుందన్నాడు. నడిపి చూద్దామని ఆదివారం అందరూ వెళ్ళారు. బుడ్డోడి కుర్చీ ఇంటి నుంచే తీసుకెళ్ళి మధ్య వరసలో బిగించారు. ఆయన స్టీరింగు దగ్గర, పక్కన సేల్స్ కుర్రాడు, మధ్యలో బుడ్డోడూ ఆమే. పిల్ల మామూలుగానే వెనక్కి దూరింది. ఆ సీటు తలలు ఎంత ఎత్తంటే, ఆమె మెడ తిప్పినా పిల్ల కనపడలేదు. బాగుందా అని అడిగింది. జవాబు వచ్చిందో రాలేదో, సేల్స్ కుర్రాడు ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. ఈ బండి ఎంత తెలివైందంటే సార్, వెనక మనుషులుంటే, ఇంజను ఆపగానే ఒకసారి వెనక్కి చూసుకోమని గంట కొడుతుంది అన్నాడు. ఆయన మురిసిపోయాడు. లిఫ్టులో మనిషి ఎక్కువైతే గంట కొడుతుంది, ఇక్కడ మనిషి మిగిలిపోతే కొడుతుందన్నమాట అన్నాడు.

తిరిగొచ్చి షోరూము వెనక షెడ్డులోకి మలుపు తిరుగుతుండగా బుడ్డోడు తాగిన పాలన్నీ కక్కేశాడు. గంధం రంగు లెదరు సీటు మీద, వాళ్ళది కాని కారులో. ఆమెకి సిగ్గుతో చెవులు మండిపోయాయి. కొంగుతో తుడవబోయి, వాణ్ణి ఎత్తుకుని, కడుపు పట్టుకుని దిగి, బాత్రూము ఎక్కడని పరిగెత్తినంత పని చేసింది. వెనకాల గంట కొట్టింది. బుడ్డోణ్ణి మర్చిపోవద్దని కాబోలు, వాడు నా చంకలోనే ఉన్నాడులే అనుకుంది. ఆయన తెర మీద వేలితో నొక్కి గంట ఆపాడు. వాసన పోవాలని సేల్స్ కుర్రాడు అద్దాలు సగం దించి వచ్చేశాడు.

వాణ్ణి కడిగి, బట్టలు మార్చి, చల్లటి అద్దాల గదిలో కూలబడేసరికి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. టేబుల్ మీద జ్యూసు గ్లాసులు తెచ్చి పెట్టారు. ఆయన రంగుల కార్డు పట్టుకుని నలుపా, ముదురు నీలమా అని అడుగుతున్నాడు. పిల్ల వాళ్ళ నాన్నతోనే వచ్చి బయట కార్ల దగ్గర తిరుగుతోందని ఆమె అనుకుంది. ఆమెతో బాత్రూముకి వెళ్ళిందని ఆయన అనుకున్నాడు. గొంతు ఎండిపోయి ఉందేమో, ఆమె తన గ్లాసు గటగటా తాగేసింది. బుడ్డోడికి రెండు గుటకలు పట్టించింది. ఇంకో గ్లాసు మిగిలి ఉంటే అదీ తాగేసింది. నీలమే బాగుంటుంది అంది. కాయితాల మీద సంతకాల దాకా వచ్చారు.

అప్పుడొచ్చాడు వాచ్‌మన్, గుమ్మంలో నిలబడి, చెప్పనా వద్దా అన్నట్టు. కారు వెనకాల ఒక పిల్ల కూర్చునుంది సార్, మీ పిల్లేనా, పిలిస్తే నోటి మీద వేలు పెట్టుకుని చెప్పొద్దంది అన్నాడు.

ఖాళీ గ్లాసు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. అది ఎవరి గ్లాసో అప్పుడు తెలిసింది. మనుషుల్ని లెక్కపెట్టే తెచ్చారు వాళ్ళు. తెలియని వాళ్ళు లెక్కపెట్టారు, తను పెట్టలేదు.

ఆయన ముందు పరిగెత్తాడు. ఆమె వెళ్ళేసరికి కిటికీలోంచి కేకలేస్తున్నాడు, నోరు లేదా, అద్దాలు తీసే ఉన్నాయి కదా, పిలవచ్చుగా అని. మీరు కాసేపు ఊరుకోండి అంది. పెళ్ళయ్యాక ఆయనతో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదలు. బుడ్డోణ్ణి ఆయన చేతికిచ్చి కారు తలుపు తీసింది. మధ్య సీటు మీట నొక్కితే, అది దాని దర్జాలో అది నెమ్మదిగా, నిమ్మళంగా ముందుకి వంగింది. ఆగండి మేడమ్, వెనక డిక్కీ తలుపు తీస్తానని సేల్స్ కుర్రాడు కంగారు పడ్డాడు. ఆమె వినిపించుకోలేదు. మోకాలు పెట్టి, కడుపు పక్కకి తిప్పుకుని, సీటు అంచు పట్టుకుని, ఆయాసపడుతూ ఆ సందులోంచి వెనక్కి దూరింది.

పిల్ల మూలకి తల వాల్చి కళ్ళు మూసుకుని ఉంది. దొంగనిద్రే. పెదాల చివర నవ్వు మాత్రం లేదు.

ఆమె పక్కన కూలబడింది. ఇన్ని షోరూములు తిరిగి, ఇన్ని కార్లు చూసి, ఏ ఒక్క కారులోనూ వెనక కూర్చుని చూడలేదు తను. మోకాళ్ళు ఛాతీకి తగిలాయి. ముందంతా సీట్ల వీపులు, గోడ కట్టినట్టు. చెయ్యి చాచి పిల్ల తల మీద వేసింది.

"స్టాపొచ్చింది తల్లీ."

పిల్ల కళ్ళు తెరవలేదు. "నువ్వు రాలేదు" అంది.

"వచ్చానుగా."

"వాచ్‌మన్ చెప్తే వచ్చావు."

తమ్ముడు కక్కుకున్నాడనీ, కడుపు బరువనీ, నువ్వు నాన్న దగ్గరున్నావనుకున్నాననీ వంద చెప్పొచ్చు. పిల్ల అన్నిటికీ పర్లేదు అంటుంది. ఆ మాటే ఆమెకి భయం.

"అవును, చెప్తేనే వచ్చాను" అంది. "నీకు తెచ్చిన జ్యూసు కూడా నేనే తాగేశాను."

అప్పుడు తెరిచింది కళ్ళు. "నాది కూడానా?"

"ఊఁ."

పిల్ల మొహం ముడుచుకుపోయింది. ఇన్ని నెలలుగా కంచాలు కడిగి, పుస్తకాలు అతికించుకుని, నోరెత్తని పిల్ల, నాకు దాహంగా ఉంది, నాకు దాహంగా ఉంది అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె దగ్గరికి లాక్కుంటే రాలేదు, కసిగా తోసింది. ఆమె తోయించుకుంది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఆయన కాయితాలు చంకలో పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు, ఏం చెయ్యాలో తోచక. ఇంకో గ్లాసు పట్టుకురండి, ఇక్కడికే తెండి అని ఆమె చెప్పింది. మరి కారు, అని నసిగాడు.

ఆమె పిల్లవైపు తిరిగింది. "ఈ సీటు బాగుందా?" అని అడిగింది.

పిల్ల ముక్కు తుడుచుకుంది. పర్లేదు అనబోయి ఆగింది.

"బాలేదు" అంది. "ఇవాళ నీ రబ్బరు బ్యాండు ఏ రంగో కనపడలేదక్కా."