అత్తమ్మ గాలం, నా తెగని దారం

మూరెడు దారం ఒక మనిషి పెళ్లిని ఎంత దూరం ఈడ్చుకెళ్లగలదో తెలుసుకోవాలని ఉంటే కుర్చీ కాస్త ఇటు జరుపుకోండి. ఈ కథలో ఒక కర్ర విరుగుతుంది, ఒక లుంగీ గాల్లోకి లేస్తుంది, ఒక పరిశోధక విద్యార్థి పరువు మొత్తం మంజీరా నదిలో కలుస్తుంది. ఆ విద్యార్థి నేనే. అప్పట్లో నాకు తల నిండా చదువు ఉండేది. జుట్టు కూడా ఉండేది.

మాది నంద్యాల దగ్గర పల్లె. హైదరాబాదులో యూనివర్సిటీ హాస్టల్లో ఉంటూ దారాల మీద పరిశోధన చేసేవాణ్ణి. ఏ దారం ఎంత లాగితే తెగుతుందన్నది నా థీసిస్. మా అమ్మకు ఈ చదువు ఏనాడూ కొరుకుడు పడలేదు. "దారం తెగితే ముడేసుకోవాల గానీ, దానికి ఇన్నేండ్లు సదువుతారా నాయనా?" అనేది. ఆమె అడిగినప్పుడల్లా నేను జాలిగా నవ్వేవాణ్ణి. ఆ జాలికి శిక్ష దేవుడు వేరే చోట రాసిపెట్టాడు.

స్వప్నది పక్క డిపార్ట్‌మెంటు, ఇల్లు తార్నాకలో. మేమిద్దరం పెళ్లి చేసుకోవాలనుకున్నాం. మా ఇంట్లో ఒప్పుకున్నారు. వాళ్ల నాన్న కూడా ఒప్పుకున్నారు. ఆయన ఎవరేమన్నా తలూపే మనిషి కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని స్వప్న ముందే చెప్పింది. అసలు మాట వాళ్లమ్మ అరుణమ్మగారిది. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరయ్యారు. పుట్టింది మంజీర ఒడ్డున. ప్రతి ఆదివారం వాళ్ల నాన్న వదిలివెళ్లిన వెదురు గాలం కర్ర పట్టుకుని నదికి వెళ్తారు. ఆ వెనకే టిఫిన్ క్యారియరూ, గొడుగూ మోసుకుంటూ భర్తగారు వెళ్తారు.

మొదటిసారి వాళ్ల ఫ్లాటుకు వెళ్లిన రోజు నా మార్కులు, నా ఫెలోషిప్పు గురించి అడుగుతారని తయారై కూర్చున్నాను. ఆవిడ చాయ్ కప్పు చేతికిచ్చి, "మీ సీమోల్లు రాగి సంగటి తింటరట గద?" అన్నారు.

"తింటామాంటీ. ప్రాణం మాకు."

"మంజీరల అడుగున తిరిగే మీసాల చేప ఉంటది. దానికి గూడ రాగి ముద్దంటేనే పానం."

నాకూ చేపకూ ఒకే భోజనమని తెలిసింది. నవ్వాను. ఆవిడ లోపలికి వెళ్లి గాలం కర్ర తెచ్చారు. పాతకాలపు వెదురు, కింద చిన్న రీలు. చెయ్యి పట్టే చోట నునుపెక్కి నల్లగా మెరుస్తోంది.

"ఇది మా నాయినది. పైలం. దీనికి దారం నువ్వే ఎంచుకొని ఎక్కించు. గాలానికి ముంగట కట్టే కొస ముక్క గూడ నువ్వే తే. వచ్చే ఐతారం నదికి పోదాం. మనిషి దారమెట్ల కడ్తడో చూస్తే మిగిలింది తెలుస్తది."

మీలో గాలం వేయనివాళ్ల కోసం చెబుతున్నాను. రీలుకు చుట్టే పొడుగు దారం ఒకటి. దాని చివర, గాలానికి ముందు, మూరెడు ముక్క వేరేగా కడతారు. అదే కొస ముక్క. ఆ మూరెడులోనే సర్వశాస్త్రాలూ ఉన్నాయి. ఆ సంగతి నాకు తప్ప మంజీరలో చేపలన్నింటికీ తెలుసు.

కర్ర హాస్టలుకు తెచ్చి డాబా మీద విసరడం సాధన చేశాను. మొదటి విసురుకే గాలం వెళ్లి తీగ మీద ఆరేసిన సీనియర్ లుంగీకి తగులుకుంది. నేను కంగారుగా చుట్టేస్తుంటే లుంగీ జెండాలా రెపరెపలాడుతూ డాబా దాటి వచ్చింది. కింద నుంచి, "ఏయ్, ఎవర్రా అది? గదొక్కటే ఉన్నది నాకు!" అని కేక. నాకు మాత్రం గర్వంగా ఉంది. తొలి వేటలోనే ఎంత పెద్దది పడింది!

ఇక దారం ఎంపిక. స్వప్న ఒక మంచి మాట చెప్పింది.

"అమ్మను ఒక్కసారి అడగరాదూ చందూ?"

"ఊరికుండబ్బా. పరీక్ష పెట్టినోళ్లనే పోయి జవాబు అడుగుతారా ఎవరైనా? దారాల మీద పరిశోధన చేస్తాండేది ఎవరు?"

"చేపల మీద చేస్తలేవు గద."

ఈ వాక్యాన్ని నేను పట్టించుకోలేదు. ల్యాబులో దారాన్ని రెండు వైపులా బిగించి తెగేదాకా లాగే యంత్రం ఉంది. బజారులో దొరికిన నైలాన్ దారాలన్నీ తెచ్చి వరసగా దానికి బలిచ్చాను. అన్నీ టప్పుమన్నాయి. ఆఖరికి మా ల్యాబులో మిగిలిపోయిన ఒక అల్లిక దారం ఎక్కించాను. యంత్రం మూలిగింది గానీ దారం తెగలేదు. అప్పుడే మా గైడు లోపలికి వచ్చారు.

"ఇది థీసిస్‌లో ఏ చాప్టరయ్యా?"

"అత్తగారి చాప్టరు సార్."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అయితే మిగతావాటికన్నా జాగ్రత్తగా చెయ్" అని వెళ్లిపోయారు.

రీలుకు ఆ దారమే చుట్టాను. కొస ముక్కకు అదే దారాన్ని రెండు పేటలు వేసి మరీ కట్టాను. పెళ్లిలాంటి విషయంలో తెగిపోయేది కట్టడం అశుభం కదా! తెగేదాకా లాగొద్దని పెద్దలు చెప్పారు. తెగని దారంతో లాగితే ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పిపోలేదు.

ఆదివారం పొద్దున్నే కారులో మంజీర చేరాం. ఎర కోసం నేను హాస్టల్లో స్వయంగా కెలికిన సంగటి డబ్బాలో ఉంది. ఆవిడ ఒక ముద్ద తుంచి వాసన చూసి, "మంచిగ కెలికినవ్" అన్నారు. నాకు సగం పెళ్లి అయిపోయినట్టే అనిపించింది. దారం వైపు మాత్రం ఒకసారి చూసి, కళ్లద్దాలు సర్దుకుని, ఏమీ అనలేదు. పరీక్ష మధ్యలో టీచర్లు మాట్లాడరు.

గాలం విసిరాను. ఈసారి లుంగీలేవీ లేవు కాబట్టి నీళ్లలోనే పడింది. కాసేపటికి దారం బిగిసింది.

"పడింది! ఆంటీ, పడింది! శానా పెద్దది!"

వాళ్లాయన గొడుగు కింద పడేసి ఫోన్‌లో వీడియో మొదలుపెట్టారు. నేను కాళ్లు ఇసుకలో తన్నిపట్టి లాగాను. అటువైపు కదలిక లేదు. మళ్లీ లాగాను.

"కదుల్తలేదంటే చేప కాదు బాబూ. రాయి. గుంజకు" అన్నారు అరుణమ్మగారు.

"లేదాంటీ! రాయి కాదు. ఊపిరి పీల్చుకుంటాంది, నాకు తెలుస్తాంది!"

"చందూ, అమ్మ చెప్తున్నది ఇను" అంది స్వప్న.

"ఇడువు బిడ్డా. ఒక్క గుంజు గుంజి కొస ముక్క తెంపెయ్. గాలం పోతే పోతది."

ఇక్కడ నేనన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ దుప్పటి ముసుగేసుకోవాలనిపిస్తుంది. ఛాతీ విరుచుకుని, "ఇది తెగదాంటీ! ల్యాబులో పరీక్షించినా!" అన్నాను.

అని, ఉన్న బలమంతా పెట్టి లాగాను. దారం తెగలేదు. నా మాట నిలబెట్టుకుంది. ఫటేల్మని విరిగింది కర్ర.

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ల గురించి విన్నాం. చేపను పట్టబోయి కొండను పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. అంతా అయ్యాక కూడా ఆ దారం రాయిని వదలదు, మమ్మల్ని పోనివ్వదు. ఉల్లిగడ్డలు కోసే కత్తితో కాబోయే మామయ్యగారు చాలాసేపు కోయాల్సి వచ్చింది. అరుణమ్మగారు విరిగిన సగాన్ని ఒళ్లో పెట్టుకుని ఒడ్డున కూర్చున్నారు. తిట్టలేదు. నల్లగా నునుపెక్కిన ఆ చోట బొటనవేలితో రాస్తూ నీళ్ల వైపు చూస్తున్నారు. ఆ చోటు వాళ్ల నాన్న చెయ్యి అరగదీసిన చోటు. తిడితే బాగుండునని ఆ రోజు మనసారా కోరుకున్నాను. తిరుగు ప్రయాణంలో క్యాంపస్ గేటు దగ్గర దిగుతూ, "కర్ర నాకియ్యండాంటీ, బాగుచేస్తా" అన్నాను. ఆవిడ రెండు ముక్కలూ కిటికీలోంచి అందించారు. ముఖం చూడలేదు.

సాయంత్రం స్వప్న ఫోన్ చేసింది. "అమ్మ అన్నం తినలే చందూ" అంది. నేనూ తినలేదు. డబ్బాలో మిగిలిన సంగటి వైపు చూడబుద్ధి కాలేదు.

మర్నాటి నుంచి థీసిస్ పక్కన పెట్టాను. విరిగిన అంచులు కలిపి జిగురు పోసి, ఆరబెట్టి, పైన కట్టు కట్టాను. దేనితోనంటారా? ఆ తెగని దారంతోనే. చుట్టు పక్కన చుట్టు ఒత్తుగా పేర్చి బిగించాను. నల్లటి ఆ చోటు మీద మాత్రం చుక్క జిగురు పడనివ్వలేదు. ఆటోలో పట్టక సగం బయటికి పెట్టుకుని తార్నాక వెళ్లాను. తలుపు తీసింది అరుణమ్మగారే.

కర్ర అందుకుని కట్టు మీద వేలు నడిపారు. ఎత్తి ఒక కన్ను మూసి చూశారు.

"వంకర పోయింది."

"కొంచెం పోయిందాంటీ."

"మా నాయిన నడక గూడ గిట్లనే ఉండె."

అని చటుక్కున అటు తిరిగారు. నేను గోడ మీది క్యాలెండరు చాలా శ్రద్ధగా చదివాను. కాసేపటికి ఆవిడ ఒక సన్నటి నైలాన్ ముక్క తెచ్చి నా ముందు పెట్టారు.

"కొస ముక్క ఎప్పుడు అన్నిట్లకెల్ల సన్నగుండాలె. రాయికి పడ్డదనుకో, అదొక్కటి తెగితది. దారం మిగుల్తది, కట్టె మిగుల్తది. పట్టుకునుడు నీకు వచ్చు బిడ్డా. ఇడిసిపెట్టుడు రాలే. వచ్చే ఐతారం రా, నేర్పిస్త."

వెళ్లాను. ఈసారి పొడుగు దారం మామూలు నైలాన్, కొస ముక్క అంతకన్నా సన్నం. అతుకు పడిన కర్రే, అదే సంగటి. కాసేపటికి దారం బిగిసింది. కదలిక లేదు. ఒకసారి దెబ్బతిన్న జ్ఞానిని కదా! వెంటనే దారాన్ని చేతికి చుట్టి ఒక్క గుంజు గుంజాను. టప్పున తెగింది.

"చూసినారా ఆంటీ! రాయి. ఇడిసిపెట్టినా!"

ఆ మాట పూర్తవకముందే, సరిగ్గా అక్కడే, చెయ్యంత పొడుగు మీసాల చేప ఒకటి నీళ్లలోంచి ఎగిరి, వెండిలా మెరిసి, నా సంగటితో సహా వెళ్లిపోయింది.

నేను తెగిన దారం కొస చేత్తో పట్టుకుని నిలబడ్డాను. తర్వాత అరుణమ్మగారు నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూ నవ్వుతూ ఇసుకలో కూలబడ్డారు. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు, మళ్లీ నవ్వారు. మామయ్యగారు వీడియో తీయడం మరిచిపోయి తలూపుతూ నిలబడ్డారు. చివరికి ఆవిడ ఊపిరి తీసుకుని నన్ను చూశారు.

"రాయిని పట్టుకుంటివి, చేపను ఇడిసిపెడ్తివి. రేపు మా పిల్లను గూడ గిట్లనే ఇడిసిపెడ్తవా ఏంది?"

"లేదాంటీ. ఆడ మాత్రం ల్యాబు దారమే."

ఆవిడ నవ్వు ఆగింది. నన్నూ, స్వప్ననూ, చేతిలో ఉన్న వంకర కర్రనూ చూశారు.

"ఇంకా ఆంటీ ఏంది? అత్తమ్మా అను" అన్నారు.

కాబట్టి ప్రియమైన పాఠకులారా, మంజీర సాక్షిగా, సంగటి సాక్షిగా, హాస్టల్ డాబా మీద ఎగిరిన ఆ లుంగీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: రాయికీ చేపకూ తేడా తెలిసేదాకా ఈ జన్మలో గాలం కర్ర ముట్టను. ఆదివారాలు ఒడ్డున గొడుగు కింద నిలబడి, మామయ్యగారి పక్కన తలూపుతాను. టిఫిన్ క్యారియర్ ఇప్పుడు నేనే మోస్తున్నాను.