పెద్ద కారులో ముందు సీటు

మా ఆయనకి కారు నడపడం రాదు. నేర్చుకోబోయి ఒకసారి మా పెరటి గోడని, ఇంకోసారి పక్కింటివాళ్ల గోడని పడగొట్టాక ఆ ముచ్చట మానుకున్నారు. అయినా విజయనగరం ప్లీడర్లలో తనదంత పొడుగు కారు ఇంకెవరికీ లేదని ఆయనకి మహా గర్వం. అరవైల చివర్లో సంగతి ఇది. కోర్టులో ఆయన ప్రాక్టీసు అప్పుడప్పుడే పుంజుకుంటోంది. ఒక చిన్న దివాణం వాళ్లు ఉన్న సామానంతా ఒక్కొక్కటే వదిలించుకుంటుంటే, షెడ్డులో దుమ్ము పట్టి పడున్న, ఇంగ్లండునుంచి వచ్చిన ఈ సీమ కారు ఆయన కంటపడింది. ఇక ఆగలేదు.

"ఒరే, ఏనుగుని తెచ్చి గుమ్మంలో కట్టేవు. మేతెవడు పెడతాడ్రా?" అన్నారు మా అత్తగారు కారుని చూడగానే.

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. పశువులశాల ఒక గోడ తీయించి కారుని అందులో పెట్టాం. అప్పటికీ వెనకభాగం రెండడుగులు బయటికే ఉండేది. ఆవు పాపం వెనక వరండాలోకి మారింది. దీపాల చుట్టూ ఉన్న ఇత్తడి పట్టీలు తోమడానికి రోజూ చింతపండు కావాలి. "పులుసులోకి నేకపోయినా ఆ మాయదారి దీపాలకి మాత్రం ఉండాలి" అని అత్తగారు సణుగుతూనే నిమ్మకాయంత తీసి ఇచ్చేవారు. రేడియేటరు పది మైళ్లకోసారి దాహం వేసినట్టు ఆగిపోయేది. అందుకని రెండు బిందెల నీళ్లు లేకుండా మేం ఊరు దాటింది లేదు. పెట్రోలు టాంకు కారితే బార్ సబ్బు మెత్తగా చేసి మెత్తడమే. ఏదైనా సామాను కావాలని కలకత్తాకి రాస్తే మూడు నెలలకి జవాబొచ్చేది, అది ఇప్పుడెవరూ తయారు చెయ్యడం లేదని. ఎడమ తలుపు లోపలి చట్రం పుచ్చిపోతే మా పుట్టిల్లు బొబ్బిలిలో వీణలు చేసే ఆయన పనసచెక్క చెక్కి బిగించాడు. మా నాన్నగారు వీణ మాస్టారు. ఆ తలుపు వేసినప్పుడల్లా చెవి ఒగ్గి, "శ్రుతి కాస్త తగ్గిందమ్మా" అని వేళాకోళం చేసేవారు.

ఇవన్నీ చూసుకునేవాడు తాత. తాతంటే మా తాత కాదు, డ్రైవరు. అరవై దాటిన మనిషి. దివాణంలో కుర్రతనంలో కార్లు తుడవడానికి చేరి, తర్వాత డ్రైవరై, చివరికి కారుతోపాటు మా ఇంటికి వచ్చేశాడు. ఎవరూ రమ్మనలేదు. కారు మా ఇంటిముందు ఆగాక దిగి, "నా మంచం ఎక్కడెయ్యమంటారు బాబూ?" అని అడిగాడట. పెళ్లాం పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. పశువులశాల పక్క గదిలో ఉండేవాడు. ఆ బండి నడపడం ఒక్కటే ఆయనకున్న ఆస్తీ, మర్యాదానూ. బజార్లో జనం ఆయనకి దారిచ్చేవారు. స్టీరింగు లేకపోతే ఆయన్ని ఎవరూ పట్టించుకోరని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

రోజూ పొద్దున్న ఆయన కారు తుడుస్తుంటే నేనే కాఫీ తీసుకెళ్లి ఇచ్చేదాన్ని. ఒకరోజు గ్లాసు ఆయన ఎడమపక్కగా పట్టుకుని నిలబడ్డాను. తీసుకోలేదు. "తాతా" అన్నాను. తల మొత్తం నావైపు తిప్పి, అప్పుడు చూసి, "వచ్చేరా అమ్మా" అన్నాడు. మర్నాడు కావాలనే కుడిపక్క నిలబడ్డాను. అంతే. నాలుగు రోజులు అలా పరీక్ష పెట్టాను, చెప్పుకుంటే సిగ్గేస్తుంది. ఎదురుగా పెడితే కనిపిస్తోంది, పక్కన పెడితే లేదు.

ఆ వారమే బొబ్బిలి వెళ్లాలి. పదిహేను రోజులకోసారి నాన్నగారిని చూసిరావడం నాకు అలవాటు. గజపతినగరం దాటాక ఎడమ పక్కనుంచి ఒక దూడ రోడ్డుమీదకి వచ్చింది. తాత వేగం తగ్గించలేదు. నేను వెనక సీట్లోంచి కేకేశాను. దూడ తప్పించుకుంది. అది ఆయనకి కనపడలేదని ఇద్దరికీ తెలుసు.

ఇంటికి వచ్చాక మా ఆయనతో చెప్పాలి. చెప్పాలనే వెళ్లాను. ఆయన ఎవరో క్లయింటుకి కిటికీలోంచి కారు చూపించి, "బండి గొప్పతనం సగం, మా తాతది సగం" అంటున్నారు. బయట తాత వింటున్నాడు. చెప్పకుండానే వెనక్కి వచ్చేశాను. ఇప్పుడు చెబితే రేపు ఆ ముసలాయన ఎక్కడికి పోతాడు అనుకున్నాను. జాలి వేసింది. ఆ జాలిలో నేనొక ఉపాయం ఆలోచించాను.

తర్వాతిసారి నుంచి ముందు సీట్లో కూర్చున్నాను. అప్పట్లో మా ఊళ్లో ఆడవాళ్లు డ్రైవరు పక్కన కూర్చోరు. వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతోందని చెప్పాను. అత్తగారు ఆ మాట పట్టుకుని వీధంతా చెప్పి, నెల తిరక్కుండా నాకు మామిడికాయలు తెప్పించారు. ఆ సంగతి కాదని తేలేసరికి ఆవిడకి కోపం వచ్చింది. "కడుపూ నేదు కాకరకాయా నేదు. దొరసాన్నాగ ముందు కూకోడం ఏటే?" అని చాలాకాలం దెప్పారు. పడ్డాను.

ముందు కూర్చుని నేను కబుర్లు చెప్పేదాన్ని. 'తాతా, ఎడమ పక్క బండి వస్తోంది జాగ్రత్త' అంటే ఆయన మర్యాద పోతుంది. అందుకని, "అబ్బ, ఆ ఎడమ పక్క బండిలో చెరుకు ఎంత నల్లగా ఉందో చూడు తాతా" అనేదాన్ని. "అదుగో కుడిపక్క గొర్రెలవాడు, పిల్లని చంకన ఎత్తుకున్నాడు" అనేదాన్ని. "సూసేనమ్మా" అనేవాడు, అంటూనే నెమ్మదిగా వేగం తగ్గించేవాడు. అలా ఏడాది. పుట్టింట్లో ఇరవయ్యేళ్లు ఉండి నేను చూడనంత రోడ్డు ఆ ఏడాదిలో చూశాను. నిజం చెప్పాలంటే నాకది సరదాగా కూడా ఉండేది. నేనొక మనిషిని కాపాడుతున్నానని లోపల్లోపల పొంగిపోయేదాన్ని.

ఆ ఏడాదిలో రెండో మూడో నెలకి ఆయన కళ్లు నొప్పి పెడుతున్నాయన్నాడు. సాయంత్రం దీపాల చుట్టూ రంగులు కనిపిస్తున్నాయన్నాడు. పన్నీటి చుక్కలు వేయించాను. అంతకుమించి కదిపితే గుట్టు బయటపడుతుందని ఊరుకున్నాను.

మాఘమాసం వచ్చింది. మావైపు ఆ రోజుల్లో ఉలవలు పీకి, మొక్కలు మొక్కలుగానే తారు రోడ్డుమీద పరిచేవారు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే కాయ పగిలి గింజ రాలుతుంది, ఎడ్లని కట్టి నూర్చే శ్రమ తప్పుతుంది. బండి చప్పుడు వినపడగానే మనుషులు రోడ్డు వారకి తప్పుకుంటారు, వెళ్లిపోగానే మళ్లీ వచ్చి తిరగేస్తారు. మా పెద్ద కారంటే వాళ్లకి మరీ ఇష్టం, బరువెక్కువ కదా. "మావా, ఇంకోపాలి తిప్పు మావా!" అని అరిచేవారు. తాత మహారాజులా నవ్వి, బండి వెనక్కి పోనిచ్చి మళ్లీ తొక్కించేవాడు. తర్వాత చక్రాలకి చుట్టుకున్న తీగలు కొడవలితో కోసుకోవడానికి ఆయనకి గంట పట్టేది. అయినా ఎప్పుడూ కాదనలేదు.

ఆవేళ పది గంటలకి రామభద్రపురం దాటాం. రోడ్డంతా ఉలవే. నాన్నగారి కోసం తీసుకెళ్తున్న వీణ తీగల చుట్ట నా ఒళ్లో చిక్కుపడింది. అది విప్పుకుంటూ కూర్చున్నాను. కబుర్లు ఆగిపోయాయి. ఎంతసేపు ఆగిపోయాయో నాకు తెలీదు.

తలెత్తేసరికి ఎడమ పక్క ఒక ముసలామె వంగి ఉలవ తిరగేస్తోంది. చెవుడు కాబోలు, చప్పుడుకి తప్పుకోలేదు. వెలిసిపోయిన ఆమె చీర, ఎండిన ఉలవ ఒకే రంగులో ఉన్నాయి. "తాతా, ఆపు!" అని గొంతు చించుకుని అరిచాను. మా బ్రేకులు రెండుసార్లు తొక్కితేగాని పట్టవు. ఉలవ మీద కారు జారింది, జారి ఆగింది. నేను దిగి చూసేసరికి ముందు చక్రం ఆమె చీరచెంగు మీద ఉంది. ఆమెకి గీత కూడా పడలేదు.

కూలబడ్డ ముసలామె చెంగు లాక్కుంటూ తిట్టింది. "కళ్లు నేవేట్రా నీకు? ఇంత మనిసిని అగుపడనేదా?"

తాత దిగి వచ్చాడు. ఆమె ముందు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు.

"నేవమ్మా. అగుపడనేదు."

కర్రలు పట్టుకుని పరిగెత్తుకొచ్చిన మనుషులు ఆ మాటకి ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. తాత వెనక్కి వచ్చి కారు తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. "ఇంక నా సేతికి ఇయ్యకండమ్మా" అన్నాడు. ఊళ్లోవాళ్లే కారుని తోసి ఒక కళ్లం పక్కన పెట్టారు. మేమిద్దరం బస్సెక్కి విజయనగరం వచ్చేశాం. సీట్లు ఖాళీ ఉన్నా తాత నిలబడే ఉంటే చెయ్యి పట్టుకుని నా పక్కన కూర్చోబెట్టాను.

ఇంటికి రాగానే మా ఆయనకి అంతా చెప్పేశాను.

"ఏడాదిగా నీకు తెలుసా?"

"తెలుసు. చెబితే ఉద్యోగంలోంచి తీసేస్తారని..."

"తీసేస్తానని నన్ను అడిగావా?"

అడగలేదు. ఆ రోజుల్లో అయితే తీసేసేవారేమో కూడా, అది నాకిప్పటికీ తెలీదు. కానీ అడగలేదు. రోడ్డుమీద వెళ్లే వాళ్లందరి ప్రాణాలూ నా కబుర్ల మీద పెట్టి ఏడాది తిరిగానని ఆయన కేకలేశారు.

మర్నాడు పొద్దున్న రైల్లో తాతని విశాఖపట్నం కంటి డాక్టరు దగ్గరికి ఆయనే తీసుకెళ్లారు. సాయంత్రం తిరిగి వచ్చి చెప్పులైనా విప్పకుండా అరుగుమీద కూర్చున్నారు. కోపం పోయింది. నీరసంగా ఉన్నారు.

"శుక్లాలు కాదట. నీటికాసులట. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయింది. పోయిన చూపు మళ్లీ రాదన్నారు. ఉన్న కాస్తా ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నారు." వంగి చెప్పులు విప్పుకుంటూ, నావైపు చూడకుండా అన్నారు. "ఏడాది కింద తీసుకొచ్చి ఉంటే ఆపగలిగేవాళ్లమన్నారు."

రెండు రోజులకి ఒక లారీ డ్రైవరు చేత కారు ఇంటికి తెప్పించారు. తాతకి కొలువేం పోలేదు. ఇంజను సంగతి చెవితో, చేత్తో చూసుకోమని, గది ఎప్పటికీ ఆయనదేనని మా ఆయన అందరి ముందూ చెప్పారు. నేను భయపడిందేదీ జరగలేదు. నేను దాచకపోయినా ఈ మాటే అనేవారేమో అనిపించి ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు కాఫీ తీసుకుని శాలలోకి వెళ్లాను. తాత బానెట్టు మీద చెయ్యి వేసి, అలా తడుముకుంటూ దీపం దాకా వచ్చి, ఇత్తడి పట్టీ తోముతున్నాడు. గ్లాసు ఆయన చేతిలో పెట్టాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

"తాతా, ఆ కాఫీ గ్లాసు రోజే నేను చెప్పేసి ఉంటే నీ కళ్లు దక్కేవి. నీ మీద జాలితో నీకు చూపు లేకుండా చేశాను."

"ఊరుకోండమ్మా. నాకు తెల్దేటి? మీరు సెరుకు గురించి సెప్పినా, గొర్రెల గురించి సెప్పినా ఎందుకు సెప్తన్నారో నాకు తెల్సు."

"తెలిస్తే నువ్వైనా డాక్టరు దగ్గరికి వెళ్తానని అనలేదేం?"

ఆయన కాఫీ తాగి, గ్లాసు నాకివ్వబోయి, నేనెక్కడున్నానో తెలియక గాల్లోనే పట్టుకున్నాడు. ముఖంలో నవ్వుంది. నన్ను ఓదార్చాలనే చూస్తున్నాడు పాపం.

"ఏడాదంతా మీరలా సెప్తంటే, నాకన్నీ అగుపడతన్నట్టే ఉండేదమ్మా. సూపు అంతకంతకీ పోతన్నాదని తెల్లేదు."

ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకున్నాను. నేనక్కడే ఏడుస్తున్నానని ఆయనకి కనిపించలేదు.