తడిసిన నోటుబుక్కు, ఖాళీ వరుస

బీడీలకు తడిపిన తునికాకు కట్టను పొద్దున్నే గూట్లో పెట్టాను. కింద నోటుబుక్కు ఉందని చూసుకోలేదు. పది గంటలకు కట్ట తీస్తే నీలం సిరా ఆకుల నీళ్లతో గోడ మీదికి కారుతోంది.

ఎనభైల చివరి మాట. ఆ పుస్తకం మా మరిదిది. పాస్టరు చదువు చదివేవాడు. ఏసు నేర్పిన ప్రార్థనలో రొట్టెకు ముందున్న, అర్థం సరిగా తేలని ఒక గ్రీకు మాటను, పాతకాలంలో ఏ దేశం వాళ్లు తమ భాషలో ఏమని రాసుకున్నారో సెలవులన్నీ కూర్చుని రాశాడు. మర్నాడే పంతుళ్ల ముందు చదవాలి. రెండింటికి ఆర్మూరులో బస్సు.

"నా సదువు బంద్ పెట్టినవ్ గదా వదినా!"

"తలకాయల లేదా తమ్మీ?"

"ఉన్నయ్. ఏది ఎవలదో కల్సిపోతున్నయ్. తప్పితే ఇంకో ఏడాది. అన్నయితే దుబాయి తోల్తనన్నడు."

రాసినంతకాలం అతను పైకి చదివేవాడు, నేను బీడీలు చుడుతూ వినేదాన్ని. చెబుదామని కూర్చుంటే ఒక్క ముక్క రాలేదు. చాట ఒళ్లోకి లాక్కున్నాను. ఆకులో తంబాకు పోసి చుట్టగానే అప్పుడు చదివిన అతని గొంతు చెవిలో వినబడింది, విన్నది విన్నట్టే చెప్పాను.

"లాటిన్ల ఒకతాన దినదినం రొట్టె. ఇంకోతాన లోకంల రొట్టెలకంటె మీదిది. రాయి."

"ఒక్క పుస్తకంలనేనా?"

"ఒక్కదాంట్లనే. గప్పుడు నవ్వినవ్ గూడ. ఐగుప్తోల్లది రేపటి రొట్టె. సిరియోల్లయి రెండు. తర్వాతది అక్కెరకు తగ్గ రొట్టె."

"ముందుది?"

నా చేతులు ఆగిపోయాయి. అది చదివిన రోజు నేను బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయాను.

"ఒకటి తక్కువ పడ్తుంది. ఏదో ఒకటి చెప్పు వదినా, బతిమాలుకుంట!"

'రేపటి రొట్టె' అనే మళ్లీ అంటే ఎవరికి తెలుస్తుంది? నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కట్టలో ఒక్క చెడ్డ బీడీ దాస్తే కార్ఖానాలో కట్టంతా విరిచి పారేస్తారు.

"విననిది చెప్ప. ఖాళీ ఉంచు."

కోపంగా ఒక వరుస వదిలేసి, అన్నం తినకుండానే బస్సుకు ఉరికాడు. మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు.

నాలుగోరోజు గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. తలెత్తలేదు, చుడుతూనే ఉన్నాను.

"గా ఖాళీ గురించే మస్తు అడిగిండ్రు."

"ఏమన్నవ్?"

"గా రోజు మా వదినె ఇంట్ల లేదన్న."

"అయ్యో! నవ్విండ్రా?"

"నవ్విండ్రు. తక్కినయన్ని సరిగున్నయని పాస్ చేసిండ్రు." పక్కన కూర్చుని సంచిలోంచి కొత్త నోటుబుక్కు తీశాడు. "సిరియోల్ల ముందుది ఎన్నడు ఆగని రొట్టె అట. చెయ్యి ఆపకు వదినా, మల్లొక్కసారి చదువుత."